పట్టకమా, పిరమిడా? ఏ బొమ్మ ఇచ్చినా తడబడకుండా గుర్తుపట్టే పద్ధతి

"ఫార్ములాలన్నీ కంఠతా వచ్చు మేష్టారూ, కానీ పేపర్లో బొమ్మ పక్కకి తిప్పి ఇస్తే చాలు, పట్టకాన్ని పిరమిడ్ అని రాసేస్తున్నాడు." విశాఖలో హైస్కూల్ పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం పద్ధతి ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇందులో పట్టకం అన్నా ప్రిజం అన్నా ఒకటే. మీ పిల్లలకి ఏ మాట అలవాటైతే ఆ మాటే వాడండి.

ఈ తికమకకి కారణం పిల్లల తెలివితక్కువతనం కాదు. సైన్స్ ల్యాబ్‌లో కాంతిని విడగొట్టే గాజు పట్టకానికి త్రిభుజాలుంటాయి. ఈజిప్టు పిరమిడ్ బొమ్మలోనూ త్రిభుజాలే. దాంతో త్రిభుజం కనబడగానే చెయ్యి పిరమిడ్ అని రాసేస్తుంది. కాబట్టి త్రిభుజాన్ని కాదు, పక్క అంచుల్ని చూడటం నేర్పాలి. అవి ఒకదానికొకటి సమాంతరంగా సాగుతున్నాయా, అన్నీ ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయా? కింద ఉన్న మెట్లన్నీ ఈ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లేవే.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

పుస్తకంలో బొమ్మతోనే మొదలుపెట్టకండి. కాగితం మీద చతురస్రం వాలిపోయి కనబడుతుంది, వెనక అంచులు చుక్కల గీతలైపోతాయి. చేతిలో పట్టుకుని తిప్పి చూసినవాడికే ఆ గీతలు అర్థమవుతాయి.

- పాత పెళ్లి శుభలేఖలు నాలుగైదు (మెరుపు అట్టవి అయితే మంచిది. మామూలు చార్టు మన సముద్రపు గాలికి, వానాకాలంలో మరీనూ, మెత్తబడి వంగిపోతుంది)
- స్కేలు, పెన్సిల్, కత్తెర, సెల్లోటేప్
- జామెట్రీ బాక్స్‌లోని మూలమట్టం
- కొబ్బరి చీపురు పుల్లలు, కాస్త గట్టిగా కలిపిన చపాతీ పిండి
- ఒక పెద్ద బంగాళాదుంప
- ఒక గ్లాసు బొంబాయి రవ్వ

2. నాలుగు మాటలు స్థిరంగా ఉండాలి

ముఖం అంటే చదునుగా ఉన్న ఒక పక్క. రెండు ముఖాలు కలిసే గీత అంచు. అంచులు కలిసే మూల శీర్షం. ఈ మూడింటితో ఇబ్బంది రాదు.

నాలుగోది భూమి. ఇక్కడే పిల్లలు పడిపోతారు. లెక్కల్లో భూమి అంటే నేలకి ఆనుకున్న ముఖం కాదు, వస్తువు పేరుకి ఆధారమయ్యే ముఖం (దాన్ని ఎలా వెతకాలో రెండో మెట్టులో చూద్దాం). వస్తువు ఎటు పడుకోబెట్టినా, తలకిందులు చేసినా దాని భూమి మారదు. ఈ ఒక్క విషయం పిల్లాడి నోటితో చెప్పించాకే ముందుకు వెళ్లండి.

3. మొదటి మెట్టు: వంపు ఉందేమో చూడండి

పట్టకానికీ పిరమిడ్‌కీ అన్ని ముఖాలూ చదునుగా, అన్ని అంచులూ తిన్నగా ఉండాలి. ఎక్కడైనా వంపు తిరిగితే ఆ వస్తువు ఈ రెండు జాతుల్లో లేదు. నీళ్ల డ్రమ్ము స్థూపం. బీచ్‌లో కాగితం చుట్టి ఇచ్చే మిక్చర్ పొట్లం శంకువు. మొన తేలింది కదా అని దాన్ని పిరమిడ్ అనకూడదు.

ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్టిల్లు చూసే ఉంటారు. గుండ్రటి మట్టిగోడ స్థూపం, పైన తాటాకు కప్పు శంకువు. కప్పు పైకి పోయి ఒకచోట కలుస్తుంది, అయినా దానికి విడివిడి ముఖాలు లేవు.

4. రెండో మెట్టు: అసలు భూమిని వెతకండి

దీనికి తొందరపడకూడదు. నేను చెప్పించే వరుస ఇది.

ఒకటి. వస్తువులో ఒకే ఆకారం, ఒకే కొలత ఉన్న రెండు ముఖాలు ఎదురెదురుగా, సమాంతరంగా ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ జతని వేలితో పట్టుకోండి, బొటనవేలు ఒకదాని మీద, చూపుడువేలు రెండోదాని మీద.

రెండు. వేళ్ల మధ్య మిగిలిన ముఖాలన్నీ దీర్ఘచతురస్రాలో సమాంతర చతుర్భుజాలో అయితే మీరు పట్టుకున్నవే భూములు. వస్తువు పట్టకం.

మూడు. అలాంటి జత దొరక్కపోతే, మిగతావాటికి భిన్నంగా ఉన్న ఒక్క ముఖం కోసం చూడండి. దాని చుట్టూ త్రిభుజాలే ఉండి, అవన్నీ ఒక్క మొన దగ్గర కలిస్తే అది పిరమిడ్. ఆ ఒక్క ముఖమే భూమి.

గుడారాన్ని తీసుకోండి, మధ్యలో దూలం కట్టి రెండు వైపులా టార్పాలిన్ జారవిడిచేది. అది నేల మీద దీర్ఘచతురస్రం మీద కూర్చుంటుంది. పిల్లాడు నేల వైపు చూసి, పైన సన్నగా అయిందని చూసి, పిరమిడ్ అంటాడు. వేళ్ల పరీక్ష చేయించండి. ముందు తలుపు వైపు ఒక త్రిభుజం, వెనక వైపు అలాంటిదే ఇంకొకటి. మధ్యలో మూడు దీర్ఘచతురస్రాలు: రెండు వాలులు, ఒక నేల. పైన ఉన్నది మొన కాదు, ఒక పొడుగాటి అంచు. అది పడుకున్న త్రిభుజాకార పట్టకం.

రెండు వాలుల పెంకుటింటి అటక కూడా ఇంతే. టేబుల్ మీద నిలబెట్టే క్యాలెండర్ కూడా.

రెండు సందర్భాల్లో భూమి విషయంలో మనకి స్వేచ్ఛ ఉంది. దీర్ఘఘనంలో మూడు జతలు ఎదురెదురుగా ఉంటాయి, ఏ జతనైనా భూములు అనుకోవచ్చు. విశాఖ పోర్టు వైపు లారీల మీద వెళ్లే 20 అడుగుల కంటైనర్ బయటి కొలతలు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. ఏ జత తీసుకున్నా ఘనపరిమాణం 1360 ఘనపుటడుగులే వస్తుంది. అలాగే త్రిభుజాకార పిరమిడ్‌లో నాలుగు ముఖాలూ త్రిభుజాలే, దేన్నైనా భూమి అనుకోవచ్చు.

5. మూడో మెట్టు: పక్క అంచుల మీద వేలు నడిపించండి

భూమికి చెందని అంచులే పక్క అంచులు. వాటి మీద పిల్లాడి చేత వేలు పెట్టి నడిపించండి.

- అన్నీ ఒకే దిశలో, ఒకే పొడవుతో సాగితే పట్టకం.
- అన్నీ వెళ్లి ఒకే శీర్షంలో ఆగితే పిరమిడ్.
- దగ్గరవుతూ పోయి, కలవకముందే ఆగిపోతే రెండూ కాదు. అది మొన తెగిన పిరమిడ్, అంటే పిరమిడ్ ఛిన్నకం.

మూడోదాన్ని పుస్తకాలు త్వరగా దాటేస్తాయి, మన చుట్టూ మాత్రం అదే ఎక్కువ. మధురవాడలోనో గాజువాకలోనో కొత్త అపార్ట్‌మెంట్ పునాది గోతిలోకి ఒకసారి చూడండి. పిల్లర్ కింద వేసే వాలు ఫుటింగ్‌లో మూడు భాగాలుంటాయి. అడుగున పలకలాంటి దీర్ఘఘనం, దాని మీద నాలుగు వైపులా వాలుగా లోపలికి వచ్చే ముక్క, ఆపైన నిటారుగా లేచే పిల్లర్. అడుగుదీ పైదీ పట్టకాలు. మధ్యది ఛిన్నకం. దాని పక్క ముఖాలు ట్రెపీజియంలు, త్రిభుజాలు కావు, దీర్ఘచతురస్రాలూ కావు.

గాలిగోపురం చూపించి పిరమిడ్ అని చెప్పడం కూడా అలవాటుగా వినబడుతుంది. గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది నిజమే, కానీ మొనగా ముగియదు. పైన పొడవాటి శిఖరం, దాని మీద వరుసగా కలశాలు ఉంటాయి. పక్కలు కూడా అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. దాన్ని పిరమిడ్ అంటే లెక్కల్లో తప్పు.

6. నాలుగో మెట్టు: పేరు పెట్టడం

జాతి తేలాక పేరు భూమిని బట్టి వస్తుంది. భూమి పంచభుజి అయితే పంచభుజాకార పట్టకం లేదా పంచభుజాకార పిరమిడ్. పక్క ముఖాల ఆకారాన్ని బట్టి పేరు పెట్టకూడదు. త్రిభుజాలు చుట్టూ ఉన్నాయని ప్రతి పిరమిడ్‌నీ త్రిభుజాకార పిరమిడ్ అనేవాళ్లున్నారు. గిజా పిరమిడ్ భూమి చతురస్రం, కాబట్టి అది చతురస్రాకార పిరమిడ్.

భూమి చక్కటి ఆకారమే కానక్కర్లేదు. ఎల్ ఆకారంలో ఉన్న ప్లాట్‌లో గోడలు నిటారుగా లేపి పైన చదునుగా స్లాబ్ వేస్తే ఆ కట్టడం మొత్తం ఒక పట్టకమే. ఎల్‌కి ఆరు భుజాలు కాబట్టి 8 ముఖాలు, 12 శీర్షాలు, 18 అంచులు. కాజు కట్లీ ముక్క కూడా పట్టకమే, భూమి రాంబస్. మందం తక్కువని మినహాయింపు ఏమీ లేదు. పలచగా ఉన్న వస్తువులు చూపిస్తేనే పిల్లలకి భూమి అన్న మాట బాగా ఎక్కుతుంది.

7. లెక్కపెట్టి సరిచూసుకోండి

భూమికి n భుజాలు ఉన్నాయనుకుందాం.

- పట్టకం: ముఖాలు n+2, శీర్షాలు 2n, అంచులు 3n
- పిరమిడ్: ముఖాలు n+1, శీర్షాలు n+1, అంచులు 2n

వీటిని బట్టీ పట్టించకండి. పట్టకంలో భూమి రెండుసార్లు వస్తుంది, అందుకే శీర్షాలు 2n. కింద n అంచులు, పైన n, నిలువుగా n, మొత్తం 3n. పిరమిడ్‌లో భూమి శీర్షాలు n, మొన ఒకటి. భూమి చుట్టూ n అంచులు, మొనకి ఎక్కేవి n. ఇలా చెప్పగలిగినవాడు సూత్రం మరిచిపోయినా మళ్లీ రాబట్టుకుంటాడు.

లెక్క సరిగ్గా పెట్టారా అన్నది ఆయిలర్ సూత్రంతో తేలుతుంది: ముఖాలు + శీర్షాలు − అంచులు = 2. త్రిభుజాకార పట్టకానికి 5 + 6 − 9. చతురస్రాకార పిరమిడ్‌కి 5 + 5 − 8. రెండూ 2.

ఆ రెండింటికీ ముఖాలు ఐదేనని గమనించారా? పరీక్షల్లో ఇచ్చే మెలిక ఇదే. "5 ముఖాలున్న ఘనాకృతి పేరు రాయండి" అంటే అంచులో శీర్షాలో తెలిస్తే తప్ప ఒక్క జవాబు ఉండదు. ఇంకో జత: 12 అంచులు చతురస్రాకార పట్టకానికీ ఉంటాయి, షడ్భుజాకార పిరమిడ్‌కీ ఉంటాయి. మొదటిదానికి శీర్షాలు 8, రెండోదానికి 7.

త్వరగా తేల్చడానికి నాకు బాగా నచ్చిన చిట్కా త్రిభుజాలు లెక్కపెట్టడం. పట్టకంలో త్రిభుజాలు ఉంటే రెండే ఉంటాయి, లేకపోతే ఒక్కటీ ఉండదు. పిరమిడ్‌లో కనీసం నాలుగు ఉంటాయి. రెండా, నాలుగా? చాలా బొమ్మలు ఇక్కడే తేలిపోతాయి.

అయితే లెక్క ఒక్కటే నమ్ముకోకూడదు. ఛిన్నకానికీ పట్టకానికీ ముఖాలు, శీర్షాలు, అంచులు సరిగ్గా ఒకే సంఖ్యలో ఉంటాయి. అష్టముఖికి ఎనిమిది త్రిభుజాలున్నా అది పిరమిడ్ కాదు, రెండు చతురస్రాకార పిరమిడ్‌లు భూములు కలిపి అతికించినట్టుంటుంది. అందుకే లెక్క సరిచూసుకోవడానికే, తీర్పు పక్క అంచులదే.

8. పుల్లలతో చట్రాలు కట్టించండి

చపాతీ పిండిని గోలీకాయంత ఉండలు చేయండి. పుల్లల్ని ఒకే పొడవుకి విరవండి.

త్రిభుజాకార పట్టకానికి 9 పుల్లలు, 6 ఉండలు. ముందు రెండు త్రిభుజాలు విడిగా చేసి బల్ల మీద పెట్టండి. ఒకదాని మూలల్లో మూడు పుల్లలు నిలబెట్టి, రెండో త్రిభుజాన్ని పైన కూర్చోబెట్టండి. త్రిభుజాకార పిరమిడ్‌కి 6 పుల్లలు, 4 ఉండలు చాలు.

పిండి ఇంకా మెత్తగా ఉండగానే రెండింటి పైభాగాన్నీ వేలితో మెల్లగా పక్కకి నెట్టమనండి. పిరమిడ్ కదలదు. పట్టకం మాత్రం వాలిపోతుంది. పై త్రిభుజం జరుగుతుంది, నిలువు పుల్లలు మూడూ కలిసి ఒకే వైపు ఒరుగుతాయి, దీర్ఘచతురస్రాలు సమాంతర చతుర్భుజాలవుతాయి. అక్కడ ఆపి అడగండి: "ఇప్పుడిది ఏంటి నాన్నా?" చాలామంది "పాడైపోయింది" అంటారు. పుల్లలు ఇంకా సమాంతరంగానే ఉన్నాయా లేదా చూడమనండి. ఉన్నాయి. కాబట్టి అది ఇప్పటికీ పట్టకమే, వాలు పట్టకం. పుస్తకంలో వాలిన బొమ్మ వచ్చినప్పుడు ఆ పిల్లాడు మళ్లీ తడబడడు.

ఉండలు ఆరి పగలకుండా ఉండాలంటే పిండిలో నాలుగు చుక్కల నూనె వేయండి. పుల్ల ఉండలోంచి బయటికి పొడుచుకొస్తే శీర్షాలు లెక్కపెట్టేటప్పుడు గందరగోళం అవుతుంది, సగం దాకానే గుచ్చమనండి.

9. దుంప కోసి చూపించండి

బంగాళాదుంపని చతురస్రాకార పట్టకంలా చెక్కండి. పెద్దవాళ్లే కోయాలి. భూమికి సమాంతరంగా ముక్కలు కోస్తే అన్నీ ఒకే కొలత. తర్వాత ఇంకో ముక్కని పిరమిడ్‌లా చెక్కి అలాగే కోయండి, ముక్కలు పైకి పోయేకొద్దీ చిన్నవవుతాయి. సరిగ్గా సగం ఎత్తులో కోస్తే ఆ ముక్క భుజం భూమి భుజంలో సగం ఉంటుంది, వైశాల్యం పావు వంతే. కోయగా కింద మిగిలినది ఛిన్నకం, మూడో మెట్టులో చెప్పుకున్నది.

10. మూడో వంతు ఎక్కడి నుంచి వచ్చిందో రవ్వతో కొలవండి

పట్టకం ఘనపరిమాణం భూవైశాల్యం × ఎత్తు. పిరమిడ్‌ది అందులో మూడో వంతు. ఈ మూడో వంతుని నోటితో చెప్పడం కన్నా కొలిచి చూపించడం మేలు.

పెట్టె కోసం: 6 సెం.మీ. చతురస్రం ఒకటి, 6 × 4 సెం.మీ. గోడలు నాలుగు. పైన మూత వద్దు.

పిరమిడ్ కోసం: నాలుగు త్రిభుజాలు. ఒక్కోదానికి కింద భుజం 6 సెం.మీ. దాని మధ్యలో గుర్తు పెట్టి, మూలమట్టంతో నిటారుగా 5 సెం.మీ. గీత గీయండి. ఆ కొసని రెండు చివరలకీ కలపండి. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి లోపలి నుంచి సెల్లోటేప్ వేసి మడిచి మూయండి. భూమి తెరిచే ఉంచండి.

ఈ కొలతలు ఊరికే పెట్టినవి కావు. భూమి భుజంలో సగం 3, ఏటవాలు ఎత్తు (త్రిభుజం మధ్యలో గీసిన గీత) 5, కాబట్టి నిజమైన ఎత్తు సరిగ్గా 4. పెట్టె ఎత్తూ అంతే.

పిరమిడ్‌ని మొన కిందికి పట్టుకుని రవ్వ నింపి, స్కేలుతో పైన సమం చేసి పెట్టెలో పోయండి. మూడోసారి పోసేసరికి పెట్టె నిండుతుంది. లెక్కలోనూ అంతే: పెట్టె 144 ఘన సెం.మీ., పిరమిడ్ 48.

నిండలేదా? ఎక్కడ తేడా వచ్చిందో ఇలా వెతకండి.

- మూడుసార్లు పోసినా పెట్టెలో మూడో వంతు ఖాళీగా ఉంటే 5 సెం.మీ.ని మధ్య గీత మీద కాకుండా వాలు అంచు మీద కొలిచారన్నమాట. అప్పుడు పిరమిడ్ ఎత్తు 2.65 సెం.మీ. దగ్గరే ఆగిపోతుంది, నిండటానికి దాదాపు నాలుగున్నర సార్లు పడుతుంది. సరైన త్రిభుజానికి వాలు అంచు 5.8 సెం.మీ. పైన రావాలి.
- కొంచెం మాత్రమే తగ్గితే మొన దగ్గర కారుతోంది. లోపలి నుంచి చిన్న టేప్ ముక్క అడ్డం వేయండి.
- పొంగిపోతే పెట్టె గోడలు లోపలికి వంగాయి, లేదా రవ్వని పిరమిడ్‌లో గుట్టగా పోస్తున్నారు.

స్థూపానికీ శంకువుకీ కూడా ఇదే మూడో వంతు వర్తిస్తుంది.

11. వలరూపం చూసి చెప్పడం

విప్పి పరిచిన అట్టే వలరూపం. నిటారు పట్టకానిదైతే దీర్ఘచతురస్రాలు వరుసగా ఒక పట్టీలా ఉంటాయి, పట్టీకి అటొకటి ఇటొకటి భూములు అతుక్కుని ఉంటాయి. పిరమిడ్‌దైతే మధ్యలో భూమి, చుట్టూ ప్రతి భుజానికీ ఒక త్రిభుజం.

రెండు భూములూ పట్టీకి ఒకే వైపు ఉంటే మడిచినప్పుడు ఒకదాని మీద ఒకటి పడతాయి, రెండో వైపు తెరుచుకునే ఉంటుంది. "ఏది మడిస్తే పట్టకం అవుతుంది" అన్న ప్రశ్నల్లో తప్పు ఆప్షన్ చాలాసార్లు ఇలాగే ఉంటుంది. ఇంకో సంగతి: నాలుగు సమబాహు త్రిభుజాలు వరుసగా ఉన్న పట్టీ పట్టకంలా కనబడుతుంది గాని మడిస్తే త్రిభుజాకార పిరమిడ్ వస్తుంది.

12. ఎక్కువగా జరిగే తప్పులు, వాటి దిద్దుబాట్లు

*గుడారం లెక్కలో ఎత్తు తప్పుగా తీసుకోవడం.* వెడల్పు 6 అడుగులు, మధ్యలో ఎత్తు 4 అడుగులు, పొడవు 7 అడుగులున్న గుడారం అనుకోండి. భూమి త్రిభుజం, దాని వైశాల్యం సగం × 6 × 4 = 12 చదరపుటడుగులు. పట్టకం ఎత్తు అంటే రెండు భూముల మధ్య దూరం, ఇక్కడ 7 అడుగులు. ఘనపరిమాణం 84 ఘనపుటడుగులు. పిల్లలు 4ని త్రిభుజంలో ఒకసారి వాడి, పట్టకం ఎత్తుగా మళ్లీ వాడతారు. దిద్దుబాటు: భూమికి ముందే రంగు వేయించండి. రెండు రంగు ముఖాల మధ్య దూరమే ఎత్తు.

*పిరమిడ్ ఘనపరిమాణానికి ఏటవాలు ఎత్తు వాడటం.* మన అట్ట పిరమిడ్‌కే 5 వేసి చూస్తే 60 వస్తుంది, అసలు జవాబు 48. ఏటవాలు ఎత్తు వైశాల్యానికి, నిటారు ఎత్తు ఘనపరిమాణానికి. అదే పిరమిడ్ సంపూర్ణతల వైశాల్యం: భూమి 36, నాలుగు త్రిభుజాలు ఒక్కోటి 15 చొప్పున 60, మొత్తం 96 చదరపు సెం.మీ.

*చుక్కల గీతలు లెక్కపెట్టకపోవడం.* అవి వెనకవైపు అంచులు, తప్పకుండా లెక్కలోకి వస్తాయి. లెక్కపెట్టిన ప్రతి అంచు మీదా పెన్సిల్‌తో చిన్న అడ్డగీత పెట్టమనండి.

*మొన భూమికి నడిమధ్యన లేకపోతే పిరమిడ్ కాదనుకోవడం.* మొన ఎటు ఒరిగినా, భూమి దాటి బయటికి పోయినా పిరమిడే.

*సమఘనం వేరే జాతి అనుకోవడం.* సమఘనం, దీర్ఘఘనం రెండూ పట్టకాలే.

13. బొమ్మ గీయాల్సి వస్తే

పట్టకానికి: భూమిని గీయండి. అదే ఆకారాన్ని కొంచెం జరిపి మళ్లీ గీయండి. మూలకి మూల కలపండి. పిరమిడ్‌కి: భూమిని గీయండి, బయట ఒక చుక్క పెట్టండి, ప్రతి మూల నుంచీ ఆ చుక్కకి గీత గీయండి. వెనక పడ్డ గీతల్ని చుక్కలుగా మార్చండి. భూమి చతురస్రమైనా కాగితం మీద సమాంతర చతుర్భుజంలా గీస్తేనే లోతు కనబడుతుంది.

14. పరీక్ష హాల్లో పాటించాల్సిన వరుస

- వంపు ఉందా? ఉంటే ఆగిపో.
- సర్వసమాన, సమాంతర ముఖాల జత ఉందా?
- పక్క అంచులు సమాంతరమా, ఒకే బిందువులో కలుస్తున్నాయా, మధ్యలో ఆగిపోతున్నాయా?
- భూమికి ఎన్ని భుజాలు? దాన్ని బట్టి పేరు.
- ముఖాలు + శీర్షాలు − అంచులు 2 వచ్చిందా?
- ఘనపరిమాణం అడిగితే, రాసేముందు: మూడో వంతు కావాలా, అక్కర్లేదా?

15. ఊళ్లో తిరుగుతూ సాధన

బీచ్ రోడ్డుకో పోర్టు వైపుకో వెళ్లినప్పుడు ఇవి అడగండి. పిల్లలు జవాబు చెప్పాక "ఎలా చెప్పావు?" అనడం మరిచిపోవద్దు.

1. ఇంకా చెక్కని ఆరు పలకల పెన్సిల్? షడ్భుజాకార పట్టకం.
2. అదే పెన్సిల్ చెక్కాక? మొత్తంగా పట్టకం కాదు. మిగిలిన పొడుగు భాగం పట్టకానికి దగ్గర, ముల్లు శంకువు.
3. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి? వంపు తిరిగిన పొట్ట, రెండూ కాదు.
4. హోటల్లో బొద్దుగా వేయించిన సమోసా? పక్కలు ఉబ్బుతాయి కాబట్టి కచ్చితంగా కాదు గాని, త్రిభుజాకార పిరమిడ్‌కి దగ్గర.
5. జామెట్రీ బాక్స్‌లో మూలమట్టం, మధ్యలో చిల్లు లేనిదైతే? లంబకోణ త్రిభుజం భూమిగా ఉన్న పలుచటి పట్టకం.
6. నాలుగు వాలుల పెంకుటిల్లు కప్పు? ఇల్లు చతురస్రంగా ఉండి నాలుగు వాలులూ ఒకచోట కలిస్తే పిరమిడ్. ఇల్లు పొడుగ్గా ఉండి పైన అడ్డంగా ఒక అంచు మిగిలితే రెండూ కాదు.
7. యార్డులో యంత్రం బారుగా పోసిన బొగ్గు గుట్ట? ఇది కాస్త పెద్ద పిల్లలకి. మధ్య భాగం పడుకున్న త్రిభుజాకార పట్టకం, రెండు చివరలూ కలిపితే ఒక శంకువు. గుట్ట ఘనపరిమాణం అంచనా వేయాలంటే ఆ రెండింటినీ విడివిడిగా కట్టి కూడాలి.